మూత తీసే సాధనం కొనాలా, సైకిల్ ట్యూబు ముక్క చాలా?

కొర్లగుంట_కోడలు:
మా అత్తగారికి కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. కీలు అరిగిందన్నారు డాక్టరు. నేనూ మా ఆయనా ఆఫీసులకి వెళ్లిపోతే మధ్యాహ్నమంతా ఇంట్లో ఆమె ఒక్కరే. జామ్, తేనె, కొన్న ఊరగాయ, ఏ సీసా బిగుసుకున్నా కింది పోర్షన్ వాళ్లబ్బాయిని పిలవాల్సి వస్తోంది. ఆమెకి అది నామోషీ. "సీసా మూతకి పిలకాయల్ని బతిమలాడుకోవాల్నా" అంటారు.

ఆన్‌లైన్‌లో చూస్తే మూతలు తీసేవి ఎన్ని రకాలో! రబ్బరు పట్టీ ఉన్న పిడి ఒకటి. రెండు పిడుల మధ్య పళ్లుండి, దగ్గరికి నొక్కి తిప్పేది ఇంకొకటి. వంటింటి అర కింది వైపు స్క్రూలతో బిగించే 'వి' ఆకారం రేకు ఉంది. మూత అంచు కింద పెట్టి పైకి లేపే చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఉంది. బ్యాటరీతో దానంతటదే తిరిగేది కూడా ఉంది. మా ఆయనేమో "ఇంట్లో కత్తుండగా వీటికి డబ్బులు తగలేస్తావా" అంటున్నారు. కొనాలా వద్దా? కొంటే ఏది? వాడినవాళ్లు చెప్పండి.

గాంధీరోడ్డు_బుల్లోడు:
శుద్ధ దండగ అక్కా. సైకిల్ షాపులో పాత ట్యూబు అడుగు, జానెడు ముక్క ఊరికే కోసిస్తారు. మూతకి తొడిగి తిప్పు, అంతే. అప్పటికీ రాకపోతే కత్తి వెనక వైపుతో చుట్టూ నాలుగు దెబ్బలు. ఇంకా మొండికేస్తే స్టవ్ మంటకి మూత కాస్త చూపించు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఇదే. ఈ ఓపెనర్లు కొన్నోళ్లని అడుగు, ఆర్నెల్ల తర్వాత అది యాడుందో వాళ్లకే తెలీదు.

చంద్రగిరి_లెక్కలసారు:
మంట మాత్రం వద్దమ్మా. రేకు మూత లోపల అంచు చుట్టూ మెత్తటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. నేరుగా మంట తగిలితే మాడి తినేదాంట్లో పడుతుంది.

మూత ఎందుకు రావడం లేదో ముందు చూడాలి. ఇంకా తెరవని సీసా అనుకోండి. జామ్ లాంటివి వేడిగా ఉన్నప్పుడే నింపి మూత పెడతారు. పైన మిగిలిన ఖాళీలో ఉన్న ఆవిరి చల్లారాక నీరైపోతుంది, లోపల పీడనం పడిపోతుంది. బయటి గాలి మాత్రం చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో చొప్పున నొక్కుతూనే ఉంటుంది. 7 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న మూత వైశాల్యం 38 చదరపు సెంటీమీటర్ల పైమాట. లోపల బయటికన్నా సగం పీడనమే ఉందనుకుంటే ఆ మూత మీద దాదాపు 19 కిలోల బరువు ఉన్నట్టే లెక్క. ఆ పూత గాజుకి అంత గట్టిగా అదిమి ఉంటే ఎవరికైనా కష్టమే. కాస్త గాలి లోపలికి పోయిందంటే 'టప్' మంటుంది, ఆ తర్వాత చిన్నపిల్లలు కూడా తీస్తారు. మీరు చెప్పిన ప్లాస్టిక్ కొక్కెం చేసే పని ఇదే, గాలికి దారి ఇవ్వడం. ఇంతమందిమి తిప్పడం గురించే మాట్లాడుతున్నాం గానీ, తెరవని సీసాకి అసలు పని తిప్పకముందే ఉంది.

అలిపిరి_నడక:
అయితే సీసాని కొండ మీదికి తీసకపోండి సార్. ఎత్తులో గాలి పీడనం తగ్గుతాది కదా, గోవిందా అనేలోపల మూత వచ్చేస్తాది.

చంద్రగిరి_లెక్కలసారు:
తగ్గే మాట నిజమే నాయనా, తిరుమల ఎత్తులో పదోవంతుకి కాస్త తక్కువ. దానికోసం 3,550 మెట్లు ఎక్కే ఓపిక ఉన్నవాళ్లకి మూత ఒక లెక్కా!

రేణిగుంట_మెకానిక్:
నేను బండ్ల పని చేస్తా. ఆయిల్ ఫిల్టర్ విప్పేదానికి మేం వాడే బెల్టు రెంచూ, అక్క చెప్పిన పట్టీ పిడీ ఒకటే సూత్రం. పిడి లాగే కొద్దీ పట్టీ బిగుస్తాది. చిన్న మూతకీ పెద్ద మూతకీ అదొక్కటే చాలు. సామాను మంచిదే, కానీ పట్టీని మూత చుట్టూ తిప్పి, వదులంతా లాగి, ఏ వైపు తిప్పాలో చూసుకోని పట్టుకోవాల. తిరగేసి వేస్తే సర్రున జారిపోతాది. మాకు చేతికి అలవాటు, పెద్దామెకి కొన్నాళ్లు తికమకే.

ఇంకోటి ఎవరూ అడగలేదు. సీసాని పట్టుకునేదెవరు? మా షాపులో ఫిల్టరు ఇంజన్‌కి బిగించి ఉంటాది కాబట్టి రెంచ్ ఒక్కటి తిప్పితే సరిపోతాది. వంటింట్లో మూతతో పాటు సీసా కూడా తిరిగిపోతాది. ఏది కొన్నా సరే, సీసా కింద తడిపి పిండిన గుడ్డ వేసి, దాని మీద పెట్టి అదిమి పట్టుకోండి. లేకపోతే ఓపెనర్‌ని తిట్టుకుంటా కూర్చుంటారు.

పైపు రెంచ్, కటింగ్ ప్లేయర్ జోలికి మాత్రం పోవద్దు. రేకు నొక్కుకోని మూత వంకరపోతాది, మళ్లీ మూసుకోదు.

గాంధీరోడ్డు_బుల్లోడు:
చూశారా, మెకానిక్కన్న కూడా రబ్బరే అన్నాడు. ట్యూబు గెలిచింది!

తిరుచానూరు_చేతివైద్యం:
గెలవలేదు తమ్ముడూ. నేను ఆక్యుపేషనల్ థెరపీ చేస్తాను, ఇలాంటి చేతులు రోజూ చూస్తాను. ట్యూబు ముక్క చేసేది జారకుండా ఆపడం ఒక్కటే. చేతికి నూనె అంటినా, చెమట పట్టినా, మూత నున్నగా ఉన్నా అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ తిప్పడానికి ముందెంత బలం కావాలో ట్యూబు వేశాక కూడా అంతే కావాలి. నీకు బలముంది, జారడం ఒక్కటే నీ సమస్య, అందుకే నీకు ట్యూబు సరిపోతోంది. వాళ్ల అత్తగారికి బలం పెడితేనే నొప్పి. ఆమె చేతికి ట్యూబు ముక్క ఇచ్చి "ఇప్పుడు తిప్పు" అంటే, జారకుండా నొప్పి పడమన్నట్టే.

బొటనవేలి చివర ఒక కిలో ఒత్తిడి పెడితే మణికట్టు పక్కనుండే మొదటి కీలు మీద దానికి పదిరెట్లకు పైనే పడుతుంది. మూత చుట్టూ వేళ్లు చాచి బిగించి పట్టుకోవడం ఆ కీలుకి అన్నిటికన్నా కష్టమైన పని. మూత పెద్దదయ్యే కొద్దీ ఇంకా కష్టం. ఇక లెక్కలసారు ఒప్పుకునే లెక్క ఒకటి. 7 సెంటీమీటర్ల మూతకి నడిమధ్య నుంచి వేళ్ల దాకా దూరం మూడున్నర సెంటీమీటర్లే. అదే పిడి చివర, మధ్య నుంచి 17, 18 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఐదోవంతు బలం చాలు. పిడిని గుప్పిట్లో పట్టుకుంటాం, బొటనవేలు చాపనక్కర్లేదు. గుప్పిట కూడా నొప్పిగా ఉంటే అరచేతి అడుగు భాగంతో నెట్టినా తిరుగుతుంది.

రెండు పిడులు నొక్కే రకాన్ని మాత్రం ఈమెకి నేను చెప్పను. మూత మీద అది నిలవాలంటే తిప్పినంతసేపూ పిండుతూనే ఉండాలి. ఆ పిండడమే ఆమెకి పడదు.

చిత్తూరు_గుజ్జు:
తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలో కొన్నేళ్లు పనిచేసినా. మా సరుకు ఎక్కువగా డబ్బాల్లో, డ్రమ్ముల్లో పోతాది, సీసాలు తక్కువ. అయినా ఈ రేకు మూతల గురించి చెప్పాల. జామ్, సాస్ సీసాల మూతకి చాలావాటికి లోపల చుట్టూ మర ఉండదు. అంచుని నాలుగో ఆరో చోట్ల లోపలికి మడిచి పళ్లు పెడతారు. సీసా మెడ మీద ఏటవాలుగా ఉండే గట్ల కిందికి అవి దూరి పట్టుకుంటాయి. పావు చుట్టు తిరిగితే ఊడొచ్చే ఏర్పాటు అది. కత్తి మొన దూర్చి ఎత్తినారంటే ఆ పన్ను వంగుతాది. మళ్లీ మూసినప్పుడు ఒక పక్క సందు. ఆ సందులోంచి గాలి, తేమ పోయి బూజు తొందరగా పడతాది.

అంతకన్నా భయం గాజుతో. కత్తి జారి సీసా అంచుకి తగిలి చిన్న పెచ్చు లేచిందంటే, అది జామ్‌లో కనపడదు. మీ ఆయనకి ఈ ముక్క చదివి వినిపించమ్మా.

మూత మధ్యలో గుండీ ఉంటే కొనేటప్పుడే చూసుకోండి. లోపలికి గుంటపడి ఉండాల. వేలు పెడితే టిక్కుటిక్కుమని ఆడేది సీలు పోయిన సీసా. మూత సులువుగా వస్తాది గానీ తినేదానికి పనికిరాదు.

గాంధీరోడ్డు_బుల్లోడు:
అన్నా, మరి కొడితే వస్తా ఉండాయి కదా, అదెట్ల?

చిత్తూరు_గుజ్జు:
వస్తాయి. అంచు కాస్త చొట్టపడి గాలి దూరతాది, లేకపోతే మూతలో ఎండిపోయిన పాకం విడిపోతాది. దానికి చెక్క గరిటె చాలు, కత్తెందుకు?

కొర్లగుంట_కోడలు:
అందరూ కొత్త సీసాల గురించే చెప్తున్నారు. మాకు ఎక్కువ గొడవ తెరిచి వాడుకునే వాటితోనే. తేనె, బెల్లం పాకం, ఇంట్లో పెట్టుకున్న నిమ్మకాయ ఊరగాయ. వారం ముట్టుకోకపోతే చాలు, కదలవు.

చంద్రగిరి_లెక్కలసారు:
వాటిల్లో చాలామటుకు జిగురమ్మా. పాకం మరల్లోకి దిగి, తేమ ఆరి గట్టిపడుతుంది. ఊరగాయ అయితే ఉప్పు పేరుకుంటుంది, రేకు మూతకి తుప్పు కూడా తోడవుతుంది. కొక్కెంతో ఇక్కడ లాభం లేదు. గిన్నెలో చెయ్యి ఓర్చుకునేంత వేడి నీళ్లు పోసి, సీసాని తలకిందులుగా మూత మునిగేదాకా పెట్టండి. రెండు మూడు నిమిషాల్లో పాకం కరుగుతుంది, ఉప్పు వదులుతుంది. ఊరగాయ సీసా కారే రకమైతే తలకిందులు చేయకుండా వేడి నీళ్లలో ముంచిన గుడ్డ మూతకి చుట్టండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గాజు మీద మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, పగిలిపోతుంది.

వేడికి లోహం వ్యాకోచించి మూత వదులవుతుందని బడిలో మేమే చెప్తాం. లెక్క వేసి చూడండి. 6 సెంటీమీటర్ల రేకు మూత 50 డిగ్రీలు వేడెక్కినా అడ్డంగా పెరిగేది 0.04 మిల్లీమీటర్ల లోపే, గాజు కూడా వేడెక్కితే అదీ కొంత పెరుగుతుంది. వేడి నీళ్లకి మూత వస్తోందంటే, పూత మెత్తబడటం, పాకం కరగటం, లోపలి గాలి వేడెక్కి పీడనం పెరగటం, వీటి పుణ్యమే ఎక్కువని నా అభిప్రాయం.

పుత్తూరు_పాతకాలం:
మా అవ్వ కాలంలో జాడీ, వాసెన గుడ్డ, తాడు. మర లేదు, బిగుసుకోవడమూ లేదు. మర మూత గాజు సీసాకి 1858లో అమెరికాలో పేటెంటు తీసుకున్నారు, అప్పట్నుంచే మొదలైనాయి ఈ తిప్పలు. ఊరగాయకి మళ్లీ జాడీయే పెట్టుకోండి.

అలిపిరి_నడక:
నిండు జాడీ ఎత్తితే బొటనవేలు సంగతి పక్కనపెట్టండి, నడుమే పోతాది. అప్పుడు మీ ఊరికే రావాల, పుత్తూరు కట్టు కట్టించుకునేదానికి.

పద్మావతిపురం_వడ్రంగి:
'వి' రేకు గురించి ఒక్కరూ మాట్లాడలేదే. దాంట్లో ఓపెనర్ పట్టుకునే పని లేదు. సీసాని రెండు చేతుల్తో పట్టుకుని మూతని ఆ సందులో ఇరికించి సీసానే తిప్పడం. బొటనవేలికి ఆనేదే ఉండదు. చిక్కల్లా అరలతోనే. మన ఇళ్లల్లో సగం వంటిళ్లకి అరలంటే కడప రాయి. రాయికి స్క్రూ దిగదు. డ్రిల్లు పెడితే అంచు దగ్గర పగిలే ప్రమాదముంది. రెండు వైపులా జిగురున్న టేపుతో అతికిస్తే తిప్పుడు బలానికి నిలవదు. ప్లైవుడ్ కబోర్డు ఉంటేనే కొనండి. 18 మిల్లీమీటర్ల ప్లై అయితే స్క్రూ 15కి మించకూడదు, లేకుంటే మొన పైకి వచ్చి డబ్బాలు తీసేటప్పుడు చేతికి గుచ్చుకుంటుంది.

కొర్లగుంట_కోడలు:
మావి కడప రాయి అరలే అన్నా. కుదరదు. కొత్త సీసాలకి కొక్కెం, మిగతావాటికి పట్టీ పిడి తెప్పిద్దామనుకుంటున్నా. అత్తగారికి రెండ్రోజులు పక్కనుండి నేర్పిస్తా.

తిరుచానూరు_చేతివైద్యం:
సరైన పనే. అంతకన్నా ముందు ఒకటి గమనించండి. మీ ఇంట్లో మూతలు బిగించేదెవరు? నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లని ఇదే అడుగుతాను. చాలా ఇళ్లల్లో రాత్రి కొడుకో మనవడో ఉన్న బలమంతా పెట్టి బిగిస్తారు, పొద్దున తీయాల్సింది ఆమె. మూత లోపలి పూత గాజుని ఆనుకున్నాక ఇంకా బిగించినా లాభం ఏమీ లేదు. సీసా మెడ తడిగుడ్డతో తుడిచి, చేతికి ఆనేదాకా తిప్పి వదిలేస్తే చాలు. వేడి పచ్చడి పోసి వెంటనే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టడం కూడా మానండి. సారు చెప్పిన ఆ 19 కిలోల్లో కొంత మనింట్లోనే తయారవుతుంది.

కొర్లగుంట_కోడలు:
బిగించేది మా ఆయనే మేడమ్. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తున్నా.

రేణిగుంట_మెకానిక్:
పట్టీ పిడి ఆర్డర్ పెట్టేముందు ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మూత స్కేలుతో కొలుచుకోక్కా. కొన్నిటికి పట్టీ పొట్టిది, హార్లిక్స్ సీసా లాంటిదానికే చాలదు. పట్టీ లోపలి వైపు గరుకుగా ఉండాల, నున్నటిది నూనె తగిలితే జారుతాది. వారానికోసారి సబ్బుతో కడగండి.

గాంధీరోడ్డు_బుల్లోడు:
సరే, పట్టీ పిడి వరకు నేనేమీ అనను. బ్యాటరీది మాత్రం కొనకక్కా. మూతకో మోటరా! బ్యాటరీ అయిపోయిన రోజు మళ్లీ కింది పోర్షన్ అబ్బాయే దిక్కు.

తిరుచానూరు_చేతివైద్యం:
అదీ అంత తేలిగ్గా కొట్టిపారేయకు. రెండు చేతులూ వంకరపోయి పిడి కూడా పట్టుకోలేని వాళ్లున్నారు, పక్షవాతంతో ఒక్క చెయ్యే ఆడేవాళ్లున్నారు. మూత మీద పెట్టి బటన్ నొక్కడం ఒక్కటే వాళ్లు చేయగలిగేది.

గాంధీరోడ్డు_బుల్లోడు:
వాళ్లకైతే సరే మేడమ్. మా బావ జిమ్ముకి పోతాడు, ఆయన కూడా అదే కొనుక్కున్నాడు. దానికేమంటారు?