నెల్లూరులో పాత మిద్దెకు హీట్ రికవరీ వెంటిలేషన్ పెట్టించాలా?

మాగుంట లేఅవుట్, నెల్లూరు
నాన్నగారు కట్టించిన ఇంటికి రిపేర్లు మొదలుపెట్టాం. చెక్క కిటికీలు తీసేసి యూపీవీసీవి పెట్టాం, గుమ్మాలపై వెంటిలేటర్లు మూసేశాం. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. అమ్మకు ఆయాసం. తలుపులు బిగించి ఏసీలో పడుకుంటే తెల్లారేసరికి తల దిమ్ముగా ఉంటోందంటుంది. జర్మనీలో ఉన్న తమ్ముడు హీట్ రికవరీ వెంటిలేషన్ పెట్టించమంటున్నాడు. అది గదిలో పాత గాలిని బయటికి పంపి, బయటి గాలిని లోపలికి తెచ్చే మిషన్. అందులో బయటికి పోయే గాలి, లోపలికొచ్చే గాలి పలచటి పలకలకు అటొకటి ఇటొకటిగా పోతాయి. గాలి కలవదు, వేడి మాత్రం మారుతుంది. ఫాల్స్ సీలింగ్ ఇంకా వేయలేదు, పైపులకు ఇదే అదను. మేస్త్రీ మాత్రం కిటికీ తీస్తే వచ్చే గాలికి ఇంత ఖర్చెందుకంటున్నాడు.

కావలి
మేస్త్రీ మాటే సబబన్నా. జర్మనీ చలికాలంలో లోపల 20 డిగ్రీలుంటే బయట సున్నా. అంత తేడా ఉన్నచోట ఆ మిషన్ పనికొస్తుంది. మనకు రాత్రి బయట 30, ఏసీ గదిలో 26. నాలుగు డిగ్రీల్లో ఏం మిగులుతుంది? రోహిణి కార్తె మధ్యాహ్నం 42 ఉన్నప్పుడు తేడా ఉంటుంది, నిజమే. ఆ వేళ ఇల్లంతా ఏసీ వేసేవాళ్లెందరు? ముందు మిద్దె మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయించండి.

చీమకుర్తి
కిటికీ తీయమనడం సులువే. మా వీధిలో గ్రానైట్ లారీలు తిరుగుతుంటాయి, గంటసేపు కిటికీ తెరిస్తే దుప్పటి మీద తెల్లగా దుమ్ము పేరుకుంటుంది. మూసుకుంటే ఇంకో బాధ. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) దగ్గరుంటే, ఇద్దరం పడుకున్న మా గదిలో తెల్లారేసరికి మీటరు 2,000 దాటింది. అమ్మగారి తలదిమ్ముకు అదీ ఒక కారణం కావచ్చు. ఫిల్టరు గుండా వచ్చే గాలి మాకు విలాసం కాదు, అవసరం.

ఒంగోలు, ఏసీ డక్టింగ్ పని
ఇద్దరూ వేడి గురించి, దుమ్ము గురించే మాట్లాడుతున్నారు. మన కోస్తాలో అసలు చిక్కు తేమ. మీ తమ్ముడు చెప్పిన, వేడిని మాత్రమే మార్చే హెచ్ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్) ఇక్కడ పెట్టొద్దు. 30 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రాత్రి గంటకు 60 ఘనమీటర్ల గాలి లోపలికి తెస్తే, 8 గంటల్లో దాదాపు 5 లీటర్ల అదనపు నీరు ఆవిరిగా గదిలోకొస్తుంది. అదంతా ఏసీయే పిండాలి. పిండలేకపోతే ఉక్కపోత, బీరువా వెనక బూజు. తేమను కూడా కొంత వెనక్కి పంపే ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) వేరే రకం, అడిగితే అదే అడగండి. అదీ గాలిని ఆరబెట్టదు, ఏసీ మీద భారం తగ్గిస్తుందంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టి ఏసీ ఆపేసినప్పుడు అది ఉత్త ఫ్యానే.

కావలి
తేమ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఇల్లంతటికీ వద్దనే అంటాను. ఫిల్టర్లు ఎవరు కడుగుతారు? అవి మూసుకుపోతే గాలి రాదు, పెట్టామన్న ధీమా మాత్రం ఉంటుంది.

చీమకుర్తి
ఏసీ జాలీ కడిగే చేత్తోనే ఇదీ కడుక్కోవచ్చన్నా. ఊపిరి పీల్చే గాలి కదా.

మాగుంట లేఅవుట్, నెల్లూరు
ఇల్లంతటికీ అన్న ఆలోచన మానుకున్నాం. అమ్మ గదికి ఒక్క చిన్న ఈఆర్‌వీ, మిగతా రెండు గదులకు గోడలో పైపులు మాత్రం ఇప్పుడే వేయించి మూతలు పెట్టిస్తాం. బాత్‌రూములకు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. ఒంగోలు అన్నా, గాలి తీసుకునే రంధ్రం తూర్పు గోడకు పెట్టాలా? పడమట రోడ్డు ఉంది.

ఒంగోలు, ఏసీ డక్టింగ్ పని
తూర్పే పెట్టండి. వంటింటి ఎగ్జాస్ట్‌కు దూరంగా, పైపు బయటివైపు కాస్త వాలుగా ఉండాలి. లేకపోతే తుఫాను జల్లు నేరుగా లోపలికొస్తుంది. దోమల జాలీ మరిచిపోవద్దు, ఊడదీసి కడగడానికి చెయ్యి అందే ఎత్తులో పెట్టించండి.