హత్య కేసులో అప్పీలు తేలేదాకా జైల్లోనే ఉండాలా?

వేపచెట్టు:
సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది, ముద్దాయి హైకోర్టుకు వెళ్లాడు, అప్పీలు ఏళ్లతరబడి విచారణకు రాలేదు. బెయిలు ఇవ్వాలా, వద్దా? ఇవ్వాలనే నేనంటాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య గుర్తుంది కదా. 2008 ఆగస్టులో పట్టుకున్న యువకుడికి 2010లో మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. లెక్కేసి చూడండి, జైల్లో గడిపిన కాలానికి నెలకు వెయ్యి కూడా పడదు.

ఉప్పుటేరు:
ఆ ఒక్క కేసు చూపించి అందరికీ తలుపులు తీయమంటే ఎలాగండీ? మా వైపు గట్టు తగాదాలో సొంత తమ్ముడిని నరికినవాడు బెయిలు మీద వచ్చాడు. రోజూ పొద్దున్నే సాక్షి ఇంటి ఎదురు అరుగు మీద కూర్చుని పేపరు చదివేవాడు. పల్లెత్తు మాట అనలేదు, అనే అవసరమూ లేకపోయింది. ఆరు నెలలు తిరక్కుండా సాక్షి కుటుంబమే ఇల్లు అమ్ముకుని పోయింది. దీనికి పరిహారం ఎవరిస్తారు?

సెషన్స్ గుమాస్తా:
యావజ్జీవం పడ్డవాడికి బెయిలు అడగ్గానే రాదు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 389వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 430వ సెక్షన్ ప్రకారం ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. అప్పీలు ఓడిపోతే బయట గడిపిన కాలం శిక్షలో లెక్కకు రాదు కూడా. అప్పీలును సకాలంలో వినలేని కోర్టు మనిషిని లోపల ఉంచడం అన్యాయమని సుప్రీంకోర్టు 1977లోనే కశ్మీరా సింగ్ కేసులో చెప్పింది. మన ఉమ్మడి హైకోర్టు 2016లో కొన్ని నేరాలను మినహాయించి, శిక్ష పడ్డాక అయిదేళ్లు గడిపినవారు బెయిలు అడగవచ్చంది.

నన్నడిగితే ఏళ్లు లెక్కపెట్టడం కాదు, శిక్ష దేని మీద నిలబడిందో చూడాలి. "వీఆర్వో సమక్షంలో నేరం ఒప్పుకుని, తుమ్మపొదల్లోంచి కొడవలి తీసి చూపించాడు" అన్న వాక్యం ఎన్ని పంచనామాల్లో చదివానో! పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదు, దాని వల్ల వస్తువు దొరికిన మేరకే చెల్లుతుంది. చూసిన సాక్షి లేక, కేసంతా ఆ కొడవలికే వేలాడుతుంటే మొదటి ఏడాదే బెయిలు ఇవ్వాలి. గాయపడ్డ సాక్షే నిలబడి చెప్పిన కేసులో అయిదేళ్లు దాటినా తొందరపడకూడదు.

ఉప్పుటేరు:
అంటే బెయిలు పిటిషన్‌లోనే సగం తీర్పు ఇచ్చేయమంటారు! ఆ దశలో సాక్ష్యాలను మళ్లీ తూకం వేయవద్దని సుప్రీంకోర్టు 2023లో చెప్పిందిగా.

సెషన్స్ గుమాస్తా:
తూకం వద్దంది. రికార్డు తెరవగానే కొట్టొచ్చినట్టు కనబడే లోపానికి కళ్లు మూసుకోమనలేదు.

వేపచెట్టు:
బాధితుల పక్షాన మాట్లాడుతున్నారు కాబట్టి ఉప్పుటేరు గారికి ఒక్క ప్రశ్న. ఇబ్రహీంపట్నం కేసులో ఈ కుర్రాడు హంతకుడు కాదని మొదటి నుంచీ మొత్తుకున్నది ఎవరు? చనిపోయిన అమ్మాయి తల్లే. ఆవిడ మాట విన్నదెవరు? కేసును సీబీఐకి అప్పగించమని హైకోర్టు చెప్పేసరికి 2018 వచ్చింది.

ఉప్పుటేరు:
ఆ తల్లి విషయంలో నేను మాట్లాడటానికేమీ లేదు. కానీ అప్పీలు తేలేదాకా సాక్షులున్న మండలంలో అడుగు పెట్టకూడదన్న షరతు ఉండాలి, అది దాటిన రోజే బెయిలు రద్దు కావాలి. అలా అయితే గుమాస్తా గారి కొడవలి కేసుల వరకు ఒప్పుకుంటాను. మిగతావాటికి ఇప్పటికీ వద్దనే అంటాను.