నవంబరు సినిమా సాయంత్రం: 'ఉల్జానాస్ రెయిడ్' – ఎవరు ఏ పని చూస్తారు?

సాంస్కృతిక విభాగం:
అందరికీ నమస్తే. దీపావళి హడావిడి తీరింది కాబట్టి సినిమా సంగతి తేల్చేద్దాం. కిందటి మీటింగులో ఎక్కువ మంది చేతులెత్తింది 1972 నాటి హాలీవుడ్ సినిమా 'ఉల్జానాస్ రెయిడ్'కే. దర్శకుడు రాబర్ట్ ఆల్డ్రిచ్, రచన అలన్ షార్ప్. మెకింటాష్ అనే ముసలి స్కౌటుగా, అంటే సైన్యానికి దారి చూపేవాడిగా, బర్ట్ లాంకాస్టర్. సాన్ కార్లోస్ రిజర్వేషన్ (ప్రభుత్వం ఆదివాసీలను ఉంచిన ప్రాంతం) నుంచి అపాచీ తెగ యోధుడు ఉల్జానా కొద్దిమందితో పారిపోతాడు. సైనిక అకాడమీ నుంచి కొత్తగా దిగిన ఒక కుర్ర లెఫ్టినెంటు, పాస్టరుగారి అబ్బాయి, గుర్రపుదళాన్ని వేసుకుని వెంటపడతాడు. కథ జరిగేది మనం ఉంటున్న అరిజోనాలోనే, షూటింగ్ కొంత నోగాలెస్ దగ్గర తీశారు. హాలు, లైసెన్సు, కరపత్రం, టిఫిన్లు, తలుపు దగ్గర ఇద్దరు మనుషులు: ఇవి కావాలి. ఎవరు ఏది తీసుకుంటారో చెప్పండి.

యువ విభాగం:
సూపర్ అక్కా! 'కౌబాయ్ నైట్' అని పెట్టేద్దాం. టోపీలు, ఈకల కిరీటాలు, బెస్ట్ వేషానికి గిఫ్ట్ కార్డు. పోస్టరు మీద 'మోసగాళ్లకు మోసగాడు' కృష్ణగారి స్టిల్ వేస్తే జనం విరగబడి వస్తారు.

సాంస్కృతిక విభాగం:
టోపీ ఎవరిష్టం వాళ్లది తమ్ముడూ, ఈకలు మాత్రం వద్దు. ఆ పెద్ద కిరీటాలు ఉత్తరాన మైదాన తెగలవి. అయినా ఆ సంగతి పక్కన పెట్టు, మనకి రెండు మూడు గంటల దూరంలో బతుకుతున్న మనుషుల వేషం కట్టి ఫొటోలు దిగడమేంటి? కృష్ణగారి సినిమా 1971లో, దీనికన్నా ఏడాది ముందే వచ్చింది. దాని సరదా వేరు: నిధి, పగ, తుపాకీ విన్యాసం. ఇందులో ఈల వేసే చోటు ఒక్కటీ లేదు. ఆ పోస్టరు చూసి వచ్చినవాళ్లు అరగంటలో లేచిపోతారు.

వంటల కమిటీ:
పిల్లలు వస్తారా రారా? ప్లేట్ల లెక్క కావాలి.

సాంస్కృతిక విభాగం:
పెద్దవాళ్లకే వదినా. ఆర్ రేటింగు, అంటే మన 'ఎ' సర్టిఫికెట్ లాంటిది. మొదట్లోనే ఒక సైనికుడు, తాను కాపలాగా తీసుకెళ్తున్న ఆవిడ అపాచీలకు చిక్కకూడదని ఆమెని కాల్చి, తనని తాను కాల్చుకుంటాడు. అతని శవాన్ని ఏం చేస్తారో ఇక్కడ రాయలేను. గుర్రాలను పడగొట్టిన షాట్లున్నాయి, బ్రిటన్‌లో వాటిని కత్తిరించారు కూడా. పదిహేడేళ్ల లోపువాళ్లకి ప్రవేశం లేదని ఆహ్వానంలోనే వేద్దాం. తలుపు దగ్గర నిలబడి నచ్చజెప్పే పని ఎవరికీ పెట్టొద్దు.

మాజీ అధ్యక్షులు:
ఒక సందేహం. నవంబరు ఇక్కడ ఆదివాసీ వారసత్వ మాసం. ఆ నెలలోనే అపాచీలను రాక్షసుల్లా చూపించే సినిమా వేయడం సబబేనా అమ్మా? మన అల్లూరి కథని దొరల వైపు నుంచి తీసి ఎవరైనా వేస్తే మనం ఊరుకుంటామా?

సాంస్కృతిక విభాగం:
బాబాయ్‌గారూ, నాకూ అదే గుంజాటన. రెండోసారి చూశాక వేయడమే మేలనుకున్నాను. కథ చెప్పేస్తున్నా, చదివేది వాలంటీర్లే కదా.

క్రూరత్వం దాచలేదు, నిజమే. కానీ దానికి ఎదురుగా మంచివాళ్లను నిలబెట్టలేదు. ఉల్జానా కొడుకు శవాన్ని సైనికులు ఛిద్రం చేస్తారు. లెఫ్టినెంటుకి అది మింగుడుపడదు. తెల్లవాళ్లు కూడా ఇలా చేయడమే నిన్ను గందరగోళపెడుతోంది అన్నట్టు మెకింటాష్ అంటాడు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో వచ్చిన సినిమా అని అక్కడే అర్థమవుతుంది. దళానికి దారి చూపే అపాచీ స్కౌటు కెనీటే భార్యా, ఉల్జానా భార్యా అక్కచెల్లెళ్లు. తోడల్లుణ్ణి వేటాడుతున్నాడన్నమాట. నా దృష్టిలో సినిమాకి ప్రాణం లాంకాస్టర్ కాదు, ఆ స్కౌటే. విచిత్రమేంటంటే ఆ రెండు పాత్రలూ వేసింది మెక్సికన్ నటులు, హోర్హే లూకే, హువాకిన్ మార్టినెజ్.

అల్లూరి పోలిక అంతగా అతకదండీ. ఆయన దళం 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. ఉల్జానా దారిలో దొరికిన వాళ్లనల్లా చంపాడు. రిజర్వేషన్‌లోనే ఉండిపోయిన వైట్ మౌంటెన్ అపాచీలనూ వదల్లేదు.

కానీ మీ సందేహం మరోచోట నిజం. సినిమా ఆగిపోయిన దగ్గరే అసలు కథ మొదలవుతుంది. అందుకే కరపత్రం వేద్దామంటున్నాను. ఇదీ చిత్తుప్రతి:

"1885 మేలో జెరోనిమో, చివావా అనే నాయకులతో అపాచీల్లో ఒక శాఖ అయిన చిరికావాలు కొందరు రిజర్వేషన్ విడిచి వెళ్లిపోయారు. మొక్కజొన్నతో కాచుకునే తిజ్విన్ అనే మత్తు పానీయం మీద సైన్యం పెట్టిన నిషేధం అప్పటి తగువుల్లో ఒకటి. ఆ ఏడాది చివర్లో చివావా సోదరుడు ఉల్జానా పదిమంది చిల్లర మనుషులతో మెక్సికో నుంచి సరిహద్దు దాటి వచ్చాడు. అక్కడి అమెరికా సైన్యాధికారి జనరల్ క్రూక్ లెక్క ప్రకారం ఆ గుంపు సుమారు 1,200 మైళ్లు తిరిగింది, 38 మందిని చంపింది, 250 దాకా గుర్రాలను, పశువులను పట్టుకుపోయింది. పోగొట్టుకున్నది ఒక్క మనిషిని. సైన్యం వాళ్లను పట్టుకోలేకపోయింది. సినిమాలో కెనీటే ఉల్జానాను కాల్చేస్తాడు, నిజంగా అలా జరగలేదు. 1886 మార్చిలో ఉల్జానా చివావాతో కలిసి క్రూక్‌కి లొంగిపోయాడు. ఏప్రిల్లో బోవీ స్టేషన్లో రైలెక్కించి ఫ్లోరిడాలోని ఫోర్ట్ మారియన్‌కి పంపారు. సెప్టెంబరులో జెరోనిమోనూ ఫ్లోరిడాకే, ఫోర్ట్ పికెన్స్‌కి పంపారు. జెరోనిమో దగ్గరికి వెళ్లి లొంగుబాటుకు ఒప్పించిన మార్టీన్, కయీటా అనే స్కౌట్లనూ ఫ్లోరిడా ఖైదుకే పంపారు. సైన్యానికి పనిచేసిన వాళ్లనీ వదల్లేదు. ఆ జనం 1913 దాకా యుద్ధఖైదీలే."

మాజీ అధ్యక్షులు:
'చిల్లర మనుషులు' తీసేయమ్మా, 'పదిమందికి అటూ ఇటూగా' అను. ఇది ప్రతి కుర్చీ మీదా ఉంటే నాకు అభ్యంతరం లేదు. స్కౌట్ల సంగతి ఇన్నాళ్లూ నాకు తెలియదు.

సాంస్కృతిక విభాగం:
మార్చేశాను. చర్చకి అపాచీ వక్త ఒకరుంటే బాగుంటుంది. పెరిడాట్‌లోని సాన్ కార్లోస్ అపాచీ సాంస్కృతిక కేంద్రానికి ఉత్తరం రాస్తాను. ఒక్క జాగ్రత్త: చిరికావాల వారసులు ఇప్పుడు ఎక్కువగా ఓక్లహోమాలో, న్యూ మెక్సికోలోని మెస్కలేరోలో ఉన్నారు. సాన్ కార్లోస్ నుంచి వచ్చినవాళ్లని 'మీ తాతగారు ఉల్జానా' అన్నట్టు ఎవరూ మాట్లాడొద్దు. శాలువా ఒక్కటీ కప్పి పంపేయడం కూడా కాదు. గౌరవ వేతనం, పెట్రోలు ఖర్చు బడ్జెట్లో పెట్టాలి.

కోశాధికారి:
వేతనం సరే. లైసెన్సు మాటేంటి? నా దగ్గర డిస్కు ఉంది, అదే వేసేస్తే?

హాలు–సౌండ్:
చెల్లదు సార్. ఇంట్లో చూసుకోడానికి కొన్న డిస్కు సంఘం హాల్లో వేయకూడదు, టికెట్ లేకపోయినా సరే. ప్రదర్శన హక్కు వేరుగా కొనాలి. యూనివర్సల్ వాళ్ల సినిమా కాబట్టి వాళ్ల తరఫు పంపిణీదారు ఎంతంటారో కనుక్కుంటాను. ఇంకోటి, దీనికి రెండు కూర్పులున్నాయి, ఆల్డ్రిచ్‌ది ఒకటి, లాంకాస్టర్‌ది ఒకటి. లైసెన్సుతో ఏది వస్తే అదే. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పకుండా పెడతాను, మెకింటాష్ గొణుగుడు మన పెద్దవాళ్లకి అందదు.

యువ విభాగం:
సరే అక్కా, ఫొటో బూత్ వదిలేశా. దాని బదులు మరుసటి శనివారం ఆనాటి సైన్యం కోట ఫోర్ట్ బోవీకి కార్లు వేసుకుని వెళ్దామా? లిస్టు నేను రాసుకుంటా.

సాంస్కృతిక విభాగం:
మంచి ఆలోచన. అయితే పార్కింగ్ నుంచి కోట శిథిలాల దాకా మైలున్నర కాలిబాట, తిరిగి రావడం మరో మైలున్నర. మోకాళ్ల నొప్పులవాళ్లకి ముందే చెప్పు. తోవలో అపాచీ స్ప్రింగ్ అనే నీటి ఊట, సమాధులు వస్తాయి. జెరోనిమో కొడుకు లిటిల్ రోబ్ సమాధి అక్కడే ఉంది, దాని మీద ఎక్కి ఎవరూ ఫొటోలు దిగకుండా చూసే బాధ్యత నీదే.

వంటల కమిటీ:
హాల్లో నూనె పొయ్యి పెట్టనివ్వరట, బజ్జీలు లేవు. పులిహోర, దద్దోజనం, టీ. సినిమాకి ముందే వడ్డించేస్తాం, మీరు చెప్పింది చదివాక మధ్యలో ఎవరికీ తినబుద్ధి కాదు.

సాంస్కృతిక విభాగం:
అలాగే వదినా. తలుపు దగ్గరికి ఇద్దరు ఇంకా రాలేదు, ఎవరైనా పేరివ్వండి. లైసెన్సు రుసుము తేలేదాకా పోస్టరు ఎవరూ వాట్సాప్‌లో తిప్పొద్దు.