మణికట్టు వదులైతే పిస్టల్ ఆగిపోతుందా?

హనుమకొండ ట్రైనీ: అన్నా, 9 ఎంఎం పిస్టల్‌తో పది రౌండ్లు కాలిస్తే రెండుసార్లు పేలిన తూటా ఖాళీ గొట్టం (కేసు) పైన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడ్‌లో ఇరుక్కుంది. అదే పిస్టల్ మా ఉస్తాద్ చేతిలో ఒక్కసారీ ఆగలేదు. తప్పు నాదా, పిస్టల్‌దా? రేపు మళ్లీ ఫైరింగ్, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట రిటైర్డ్ ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవాడు): తమ్ముడూ, ముందు నీ మణికట్టునే అనుమానిస్తా. సొరుగు లాగుతుంటే బీరువా కూడా వెంట వస్తే సొరుగు తెరుచుకుంటుందా? ఇదీ అంతే. ఫ్రేమ్, అంటే పిడి ఉన్న కింది భాగం, గట్టిగా నిలిస్తేనే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోయి కేసును విసిరేస్తుంది. తేలిక ఫ్రేమ్‌లకు ఈ బాధ ఎక్కువ. గ్లాక్ 17 ఖాళీగా 625 గ్రాములే, పాత ఉక్కు బ్రౌనింగ్ హైపవర్ 900 చిల్లర. ఆ బరువే సగం పని చేస్తుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య సందు పిడి పైఅంచుకు ఆనించు, మణికట్టు బిగించు. పిసికెయ్యకు, చెయ్యి వణుకుతుంది. (నాకూ మొదట్లో వణికేది, పక్కవాడు నవ్వేవాడు.)

జనగామ నుంచి: మేగజైన్ (తూటాలు నింపే పెట్టె) కూడా మార్చి చూడు. పైఅంచులు వంగితే పట్టు ఎంత బాగున్నా తూటా సరిగ్గా ఎక్కదు.

హనుమకొండ ట్రైనీ: మేగజైన్ మార్చినా అంతే అన్నా. అయితే చెయ్యే.