సోంగ్‌ప్యోన్ ఆవిరిలో పగిలిపోతోంది, చుసోక్ లోపు సరిచేసుకోవాలి

ప్రశ్న
సోంగ్‌ప్యోన్ (కొరియా పంటల పండగ చుసోక్‌కి చేసే బియ్యప్పిండి కుడుములు) ఆవిరి మీద పెట్టిన కాసేపటికే అతుకు దగ్గర విచ్చుకుని, లోపలి నువ్వులు, పంచదార కరిగి కారిపోతున్నాయి. ప్యాకెట్ బియ్యప్పిండి అరకిలో, చిన్న చెంచా ఉప్పు, గోరువెచ్చని నీళ్లు. పైన్ ఆకులు తప్పనిసరా? అలాగే పండగకి పెద్దలకు నైవేద్యం పెట్టే ఛారే బల్ల మీద ఎర్ర పళ్లు తూర్పున, తెల్లవి పడమరన పెట్టి తీరాలా?

జవాబు 1
గోరువెచ్చని నీళ్లే చెడగొడుతున్నాయండి. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. సలసల కాగే నీళ్లు పోస్తే పిండి కొంత ఉడికి జిగురు వస్తుంది. కొరియాలో బియ్యం నానబెట్టి మిల్లులో ఆడించిన తడిపిండి వాడతారు, దానికి అరకిలోకి 100–120 మి.లీ. దాకా చాలు. పొడిపిండి అంతకు రెట్టింపు పైనే తాగేస్తుంది. కొంచెం కొంచెంగా పోస్తూ ముందు గరిటెతో, వేడి తగ్గాక చేత్తో పది నిమిషాలు బాగా మర్దించండి. చిన్న ఉండ చేసి వేలితో నొక్కి చూడండి. అంచు బీటలిస్తే నీళ్లు చాల్లేదు, వేలికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. చేస్తున్నంతసేపూ పిండి మీద తడిగుడ్డ కప్పే ఉంచండి. పైపొర ఆరిందంటే అతుకు పట్టదు.

జవాబు 2
పిండి కుదిరినా లోపల గాలి ఉంటే పగులుతుంది. 20 గ్రాముల ఉండలో బొటనవేలితో గుంట చేసి, దంచిన నువ్వులు, పంచదార చిన్న చెంచాకి మించకుండా పెట్టి మూతి మూయండి. వెంటనే పిడికిట్లో రెండు మూడుసార్లు గట్టిగా పిసకండి, గాలి పోతుంది. అర్ధచంద్రాకారం ఆ తర్వాతే.

'సోంగ్' అంటేనే పైన్ చెట్టు. ఆ ఆకులు పరిస్తే పరిమళం వస్తుంది, ఒకదానికొకటి అంటుకోవు. మందు కొట్టిన చెట్టువి మాత్రం వద్దు. దొరక్కపోతే తడిగుడ్డ పరిచినా ఉడుకుతాయి, ఆ వాసన మాత్రం రాదు. 20 నిమిషాలు ఆవిరి పట్టి, చన్నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, నువ్వులనూనె రాయండి.

జవాబు 3
పళ్ల వరుస గురించి: దాన్ని హోంగ్‌డోంగ్‌బేక్‌సో అంటారు. నిజంగా తూర్పు ఎటుందో చూడక్కర్లేదు. బల్ల వెనక తెర ఉన్న వైపే ఉత్తరం అనుకుంటారు కాబట్టి మొక్కేవాళ్ల కుడిచెయ్యి తూర్పు అవుతుంది. అయితే పాత కర్మకాండ గ్రంథాల్లో ఈ నియమం లేదని, పళ్లు వీలునిబట్టి పెట్టుకోవచ్చని కన్ఫ్యూషియన్ సంస్థ సొంగ్యున్‌గ్వాన్ 2022 చుసోక్ ముందు చెప్పింది. సోంగ్‌ప్యోన్, కూరలు, కాల్చిన మాంసం, కిమ్చి (పులియబెట్టిన కూరగాయలు), పళ్లు, మద్యం చాలంది, నూనెలో వేయించే జోన్ అనే అట్లు అక్కర్లేదంది. పొద్దుణ్నుంచి పొయ్యి దగ్గరే నిలబడే ఆడవాళ్లకి ఇది నిజంగా పెద్ద ఊరట. పీచ్ పళ్లు, ఎండుమిరప, వెల్లుల్లి పెద్దలకు పెట్టకూడదన్న ఆచారం మాత్రం చాలా ఇళ్లలో ఇంకా పాటిస్తారు, కూరల్లో చూసుకోండి.