నొక్కితే పాదం మారే ఆటవెలది పద్యమేనా?

(నలుగురి సంభాషణ; ముందున్నవి వారి మారుపేర్లు.)

గణవిభజన: ఫ్రెంచి కవి రేమోన్ కెనో 1961లో పది సానెట్లు రాసి, ఏ పాదానికి ఆ పాదం విడిగా తిప్పుకునేలా చీలికలు చేసి అచ్చు వేయించాడు. సానెట్‌కి 14 పాదాలు, ఒక్కో పాదానికి పది ఎంపికలు, అంటే కోటి కోట్ల పద్యాలు. తెలుగులో కంప్యూటరు తెర మీద, మీట నొక్కితే పాదం మారేలా ఈ పని చేయాలంటే ఆటవెలదే మేలు. ప్రాస (పాదాలన్నిటా రెండో అక్షరం కలవడం) నియమం లేదు కాబట్టి నాలుగు పాదాల పద్యాలు పది రాస్తే 10,000 వస్తాయి. కందమైతే నలభై పాదాలకూ ఒకే ప్రాసాక్షరం పట్టుకు వేలాడాలి.

ద్రుతం: లెక్క బాగుంది, పద్యమే నిలవదు. ఒక పాదం ‘వచ్చెను’ అని ముగిసి, తర్వాతది ‘కలసి’ అని మొదలైతే ‘గలసి’ కావాలి. అచ్చుతో మొదలైతే సంధి జరిగి అక్షరం తగ్గుతుంది, గణం చెదురుతుంది. పైగా కర్త ‘ఆమె’, క్రియ ‘వచ్చినాడు’! దీన్ని పద్యం అనాలా?

గణవిభజన: మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ ముందే కట్టుబాటు పెట్టుకుంటే తప్పుతాయి. ఏ పాదమూ అచ్చుతో గాని, క చ ట త ప లతో గాని, సంయుక్తాక్షరంతో గాని మొదలవకూడదు. మొదటి మూడు పాదాలు ‘చూసి, నడిచి’ లాంటి అసమాపక క్రియలతో ముగియాలి. సమాపక క్రియ నాలుగో పాదంలోనే, అదీ ‘నీవు’ కర్తగా. అప్పుడు లింగం గొడవే ఉండదు.

యతిమైత్రి: పాదాలు కాక మాటలు మారిస్తే ఇంకో చిక్కు. ‘వాన వెలిసె నింక వాకిట బురదలే’. ఇందులో ‘వాకిట’ బదులు ‘పెరటిలో’ పెట్టండి. నగం, ఇంద్రగణమే, గణం సరిపోయింది. కానీ పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరాలి కదా, ఆ యతి పోయింది. ‘వాడలో’, ‘వంకలో’ అయితే రెండూ నిలుస్తాయి. ట్వైన్‌లో (నొక్కి చదివే కథలు అల్లే సాధనం) హార్లో అనే రూపం వాడేవారు, నొక్కినప్పుడల్లా మాట మార్చే సైక్లింగ్ లింకులో ఇలాంటి మాటలే పెట్టాలి. నాలుగో గణం జోలికి వెళ్ళకపోతే ఇంకా సుఖం.

వత్తు: అక్షరాలు ఒక్కొక్కటే రాలిపడే హంగు కోసం మాటని కోయకండి. ‘స్త్రీ’ మనకి ఒక అక్షరం, జావాస్క్రిప్టు లెక్కలో ఆరు. విడివిడి స్పాన్‌లలో (వెబ్ పేజీలో మాటని చుట్టే ట్యాగులు) పెడితే వత్తులు ఊడి చుక్కల వలయాలు కనిపిస్తాయి. మాట మొత్తాన్ని ఒకే స్పాన్‌లో కదిలించండి, అంతే.

ద్రుతం: సరే, కట్టుబాట్లకి ఒప్పుకుంటాను. చదివే సంగతి? ఒక్క నొక్కుకి నాలుగు పాదాలూ మారితే పాఠకుడికి ఏది మారిందో తెలియదు. జూదం యంత్రం తిప్పినట్టు రెండుసార్లు తిప్పి పోతాడు.

గణవిభజన: అందుకే పాదానికో మీట. మూడు నిలిచి ఒకటి మారితేనే ఆ ఒక్కటి వినబడుతుంది. నలభై పాదాలూ వరసగా చూపే మీట కూడా ఒకటి అడుగున పెట్టాలి.

ద్రుతం: ఆ నలభై చదివాక మిగతా మీటలు ఎవరు నొక్కుతారండీ?

వత్తు: నొక్కకపోయినా ఆ జాబితా ఉండాలి. 2020 డిసెంబరు 31తో, బ్రౌజర్లలో కదిలే బొమ్మలు నడిపే ఫ్లాష్ ఆగిపోయి, దాన్ని నమ్ముకున్న కవితలు ఎన్నో తెరుచుకోకుండా పోయాయి. బయటి కోడ్ లైబ్రరీలు లేని ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు చాలు, లోపల పాదాలు మామూలు అక్షరాల్లో ఉండాలి. మీట చెడినా పాదాలైనా దక్కుతాయి.