సెకండ్ హ్యాండ్ కారు ముందు వైపు శబ్దం: అన్నీ ఒకేసారి మార్చేయాలా, కారణం తేలేదాకా వెతకాలా?

ప్రశ్న:
ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గతుకుల రోడ్డు మీద మెల్లగా వెళ్తుంటే ముందు ఎడమ వైపు టకటకమని ఒకటే శబ్దం. నున్నటి రోడ్డు మీద ఏమీ ఉండదు. లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఎక్కువగా ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను చక్రాల వైపు కలిపే చిన్న కడ్డీలు) మార్పించినా తగ్గలేదు. ఇప్పుడు మెకానిక్ లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే చేతులు), షాక్ అబ్జార్బర్లు, వాటి పైన ఉండే రబ్బరు మౌంట్లు అన్నీ ఒకేసారి మార్చేద్దాం అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

మొదటి సభ్యుడు:
మార్చేయండి. పాత బండిలో రబ్బరు భాగాలన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే కాలంలో పోతాయి. ఇవాళ బుష్ (కలిసే చోట ఉండే రబ్బరు గొట్టం), వచ్చే నెల మౌంట్ అంటూ విప్పిన చోటే మళ్లీ విప్పిస్తే లేబర్ రెండింతలు, పైగా మళ్లీ అలైన్‌మెంట్.

రెండో సభ్యుడు:
స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) ఎలాగూ బయటికి తీస్తే మౌంట్ కూడా కొత్తది వేయించడం సబబే. కానీ కారణం తెలియకుండా అన్నీ మార్చడానికి నేను ఒప్పుకోను. అంతా అయ్యాక కూడా శబ్దం మిగిలితే అప్పుడేం మారుస్తారు?

ముందు ఖర్చు లేని పని చేయండి. అదే గతుకుల మీద వెళ్తూ బ్రేక్ పెడల్ కొద్దిగా నొక్కి పట్టండి. శబ్దం ఆగిపోతే బ్రేక్ ప్యాడ్లో, వాటిని నొక్కే కాలిపర్ పిన్నులో వదులై కొట్టుకుంటున్నాయని అనుమానించాలి. దానికి షాక్ అబ్జార్బర్లు మార్చి లాభం లేదు.

తర్వాత లింక్ రాడ్ల సంగతి. అవి కొత్తవే కావచ్చు, స్టెబిలైజర్ బార్‌ను పట్టుకునే బుష్‌లు చూశారా? ఒక్క చక్రాన్నే జాకీతో లేపితే బార్ మెలిపడి బిగుసుకుంటుంది, వదులున్నా చేతికి తెలియదు. అందుకే మెకానిక్ చేత రెండు లింకులూ విప్పించి, ఎక్కడా తగలకుండా కట్టించి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఒక రౌండ్ వేయించండి. అప్పుడు బండి మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది, స్పీడ్ వద్దు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
బ్రేక్ నొక్కినా తేడా లేదు. లింకులు విప్పించాక శబ్దం చాలా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

మొదటి సభ్యుడు:
చూశారా, ఒక్క భాగం కాదు. అందుకే అన్నీ అన్నాను.

రెండో సభ్యుడు:
రెండు పోతే రెండే మార్చాలి. లింకులు విప్పగానే చాలా తగ్గిందంటే ఎక్కువ శబ్దం బార్ వైపుదే, కాబట్టి బార్ బుష్‌లు ముందు వేయించండి. మిగిలిన శబ్దం బ్రేక్ వేసిన క్షణంలో టక్కుమని వస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్ మీద నా అనుమానం, స్టీరింగ్ తిప్పినప్పుడు వస్తే స్ట్రట్ మౌంట్ మీద. ఆర్మ్ మారిస్తే ఒక్కటి గట్టిగా చెప్పండి: బుష్ బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది. చాలా చోట్ల ఇది పట్టించుకోరు.

బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) విషయంలో మాత్రం మొదటి సభ్యుడి తొందరే నాదీ. అందులో వదులు కనిపిస్తే ఇంకే పరీక్షలూ వద్దు, మార్చేదాకా బండి తీయకండి. అది ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉండదు.